బావిలో దిగే మనిషికి ఏ గాలిజాకెట్టు? ధర్మవరం, పెనుకొండల్లో ఒక రోజు

మా ఆయన మోటారు మెకానిక్కు. హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో బావుల్లో దిగి, మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులు చెడిపోతే విప్పి తేవడం ఆయన పని. దాంతోపాటు ఇంకో పని కూడా మీద పడింది. ఎవరైనా బావిలోనో చెరువులోనో మునిగిపోతే ముందు ఆయనకే ఫోను వస్తుంది. నడుముకు, ఛాతీకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి, శవాన్ని పైకి తెస్తాడు. అందుకు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోడు. పోయిన వేసవిలో ఒక బావిలో శవాన్ని తెచ్చి గట్టుకు అందించాక, ఆయనే నీళ్ళలో తెలివి తప్పి మునిగాడు. ఎవరో చూసి లాగారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక వెళ్ళొద్దంటే సరేనన్నాడు. వానలు మొదలయ్యాక మళ్ళీ ఫోను వచ్చింది, మళ్ళీ వెళ్ళాడు.

ఆపడం నా చేతిలో లేదని తెలిశాక, సముద్రంలో దిగేవాళ్ళ సామాను గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. వీపున గాలి సిలిండరు ఉంటుంది, అది అందరికీ తెలుసు. నాకు తెలియనిది బీసీడీ. ఒంటికి తొడుక్కునే గాలి సంచి అది. సిలిండరులోంచి దాంట్లోకి గాలి నింపితే మనిషి తేలతాడు, వదిలేస్తే మునుగుతాడు. అది రెండు రకాలు. ఒకటి వాస్కోటు మాదిరి ఛాతీని, నడుమును చుట్టుకుని ఉండే జాకెట్టు. రెండోది వీపుకు లోహపు పలక, దాని వెనక మాత్రమే గాలి సంచి ఉండేది. దాన్ని వింగు అంటారు. ఏది కొనాలో పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నా తేలలేదు. ఒంటికి వేసి నీళ్ళలో చూస్తే తప్ప తెలియదనిపించింది. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో చంద్ర అని ఒకతను ఉన్నాడు. మగ్గం నేసే ఇంటివాడు. కొన్నేళ్ళు కర్ణాటక తీరంలో టూరిస్టులను సముద్రంలో దింపే పని చేసి, చెవి పాడై ఇంటికి తిరిగొచ్చాడు. తన దగ్గరున్న రెండు రకాల సెట్లూ అమ్ముతాడని తెలిసిన వాళ్ళు చెప్పారు. ఆదివారం పొద్దున ఏడున్నరకు హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాం. ఇద్దరికీ టికెట్లు నూరు రూపాయల లోపే. పెనుకొండ దాటాక సీట్లు ఖాళీ అయ్యాయి. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనపడిన ప్రతి బావినీ మెడ సాచి చూశాడు. తొమ్మిదిన్నరకు ధర్మవరంలో దిగి, స్టేషను బయట బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. ఆటో అతను అరవై అడిగి, యాడికి, ఎందుకని విచారించి, మా ఆయన చెప్పింది విన్నాక నలభైకే తీసుకెళ్ళాడు.

చంద్ర మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. పట్టునూలు చుట్టలు వేలాడే గోడకే ఆ రెండు సెట్లూ తగిలించి ఉన్నాయి. జాకెట్టు పద్నాలుగు వేలు, వింగు ఇరవై రెండు వేలు. అతను మా ఆయన చేత రెండూ తొడిగించి చూపించాడు. వింగులో ఛాతీ మీద బరువుండదు, చేతులు బాగా ఆడతాయి, అడుగున బోర్లా ఉండి పని చేసుకోవచ్చు, బురద లేవదు అన్నాడు. మా ఆయనకు అప్పుడే మనసు దాని మీద పడింది. నీళ్ళలో చూడకుండా నేను కొననన్నాను. చంద్రకు అది నచ్చింది. పెనుకొండ దగ్గర మా ఆయనకు తెలిసిన రైతు ఓబులేసుకు మెట్లబావి ఉంది. సామానంతా గోనెసంచుల్లో కట్టి, ముగ్గురం పదకొండింటికి బస్సెక్కాం. గంటకు పైగా పట్టింది. సంచులకు కండక్టరు విడిగా లగేజీ టికెట్టు కొట్టాడు. బస్సు దిగి తోటదాకా ఆటోకు నూటయాభై.

ఓబులేసు సామాను చూసి, “శవాన్ని తెచ్చేదానికి ఇంత సోకా అబ్బా?” అన్నాడు. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ముందు జాకెట్టు. మా ఆయన దాన్ని తొడుక్కుని, ఎప్పటి అలవాటు ప్రకారం తాడును దాని మీదుగా నడుముకు, ఛాతీకి చుట్టి ముడేసుకున్నాడు. తాడు కొస ఓబులేసు చేతికిచ్చాడు. సముద్రంలో ఎవరూ తాడు కట్టుకోరు కాబట్టి చంద్రకు అందులో తప్పేమీ తోచలేదు. మా ఆయన మెట్లు దిగి నాలుగడుగులు లోతుకు వెళ్ళి, పైకి వచ్చి, చంద్ర చెప్పినట్టు బొత్తాం నొక్కి గాలి నింపాడు. జాకెట్టు ఉబ్బింది. తాడు కదల్లేదు. ఆ రెంటి మధ్య ఆయన ఛాతీ నలిగింది. నోట్లోని గొట్టం ఊడిపోయింది, కళ్ళు తేలేశాడు. ఓబులేసు భయపడి తాడు లాగాడు. అది ఇంకా బిగిసింది. చంద్ర బట్టలతోనే దూకి, భుజం దగ్గరున్న తీగను లాగి గాలి వదిలేశాడు. మెట్టు మీద కూర్చోబెట్టాక మా ఆయన చాలాసేపు దగ్గాడు. ఇక చాలు, ఇంటికి పోదామన్నాను. ఆయన తల అడ్డంగా ఆడించి రెండో దాని వైపు చూపించాడు.

చంద్ర కాసేపు విశ్రాంతి ఇచ్చి వింగు వేశాడు. తాడు చుట్టినా ఈసారి ఛాతీ నలగలేదు, ఉబ్బేది వీపు వెనకే కదా. బాగా దిగాడు, బాగా తేలాడు. ఇదే తీసుకుందాం అన్నాడు. అప్పుడు నేను చంద్రను ఒకటి అడిగాను. పైకి వచ్చాక మనిషికి తెలివి తప్పితే ఎలా ఉంటాడని. చంద్ర మా ఆయనను ఒళ్ళు వదిలేసి చూడమన్నాడు. మా ఆయన చేతులు, మెడ వదిలేశాడు. వెనకున్న గాలి ఆయన్ను మెల్లగా ముందుకు తోసింది. ముఖం నీళ్ళలోకి పోయింది. ఊరికే చేసి చూపిస్తున్నాడని తెలిసినా నేను చూడలేకపోయాను.

“సముద్రంలో పక్కన జతగాడు ఉంటాడక్కా, తిప్పుతాడు,” అన్నాడు చంద్ర. “ఈడ అన్న ఒక్కడే. పైకొచ్చినాక ముఖం పైకి నిలబెట్టేదానికి జాకెట్టే మేలు. అదీ గ్యారంటీ కాదు. అడుగున తెలివి పోతే మాత్రం ఇదీ తేదు, అదీ తేదు. తాడే తేవాల.”

“తాడుండాది కదా. పోయిన వేసవిలోనూ ఉండె కదా,” అన్నాను మా ఆయనతో. “మరి ఎట్ల మునిగితివి?”

ఆయన ఒళ్ళు తుడుచుకుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. శవం కోసం దిగేవాడి తాడును బయటివాళ్ళు ముట్టరట. పోయిన మనిషి ఇంటివాళ్ళే పట్టుకోవాలి. “వాళ్ళ బిడ్డ పైకొచ్చినాక నా తాడు ఎవరికి గుర్తుంటాది? అందరూ వదిలేసి ఆ పక్కకు పోతారు. ఎప్పుడూ అంతే. నేను గోడ పట్టుకుంటా. ఆ పొద్దు తెలివి తప్పి చెయ్యి జారింది.”

ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట నాకు చెప్పలేదు. ఓబులేసు తల వంచుకుని తాడు చుట్టుకుంటున్నాడు.

జాకెట్టే తీసుకున్నాం. తాడు జాకెట్టు మీద కాకుండా లోపల, ఒంటికి పట్టీల మాదిరి వేరే కట్టి, దాని కొస బయటికి తీసేలా చంద్ర కుట్టించి ఇస్తానన్నాడు. నాలుగు ఆదివారాలు వచ్చి నేర్చుకుంటేనే సామాను ఇస్తానని షరతు కూడా పెట్టాడు. నోట్లో పెట్టుకునే గొట్టం ఉండే రెగ్యులేటరు, సిలిండరుతో కలిపి ముప్పై ఒక్క వేలయింది. సాయంత్రం నాలుగున్నరకు పెనుకొండలో హిందూపురం బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన నిద్రపోయాడు. ఛాతీ మీద తాడు వాత చొక్కా సందులోంచి కనపడుతూనే ఉంది.

శిక్షణ అయిన కొన్నాళ్ళకు హిందూపురం దగ్గరే ఒక బావి నుంచి ఫోను వచ్చింది. నేనూ బండెక్కాను. తాడు నేను పట్టుకుంటానంటే ఒక పెద్దాయన, “ఆడమనిషి పట్టే తాడా ఇది?” అన్నాడు. నేను తాడు కొస చేతికి చుట్టుకున్నాను. శవం పైకి రాగానే ఏడుపులు లేచాయి, జనం నన్ను తోసుకుంటూ అటు పరిగెత్తారు. మెట్ల మీద జనం తగ్గేదాకా మా ఆయన జాకెట్టులో గాలి నింపుకుని, ముఖం ఆకాశం వైపు పెట్టి నీళ్ళ మీద తేలుతూ ఉన్నాడు. తర్వాత మా వీధిలో ఒకామె, చనిపోయిన ఆ పిల్లకు ఎన్నేళ్ళుంటాయని అడిగింది. నేను చూడలేదు. వాళ్ళు వాళ్ళ మనిషిని చూసుకున్నారు, నేను నా మనిషిని చూసుకున్నాను. అందుకే పోయిన వేసవిలో తాడు వదిలేసిన వాళ్ళ మీద కోపం పెట్టుకోవాలన్నా ఇప్పుడు నాకు చేతకావడం లేదు.

సెట్టు చూడబోయేవాళ్ళకు ఒక్క మాట. మీరు రోజూ కట్టుకునే తాడును, దాన్ని పైనుంచి పట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్ళండి. డబ్బు ఇచ్చే ముందు ఆ తాడు కట్టుకుని, ఆ మనిషి చేతికిచ్చి, నీళ్ళలో ఒళ్ళు వదిలేసి చూడండి.