పురిటికి ముందు పార్కు రైలు

మా అమ్మాయిని శ్రీకాకుళం జిల్లాకి ఇచ్చాం. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. కానీ ఈ నెలల్లో ఓడ ప్రయాణం వద్దన్నాడు డాక్టరు. సరే, కూతురు రాలేకపోతే పుట్టిల్లే కూతురి దగ్గరికి వెళ్లాలి. పోర్ట్ బ్లెయిర్‌లో విశాఖ ఓడ ఎక్కడం నాకో లెక్క కాదు. చేపలు పట్టే ఇంట పుట్టినదాన్ని, అలలకి నా కడుపు కదలదు. విశాఖలో దిగాక రైలెక్కాలి. అక్కడే ప్రాణం జారిపోయింది. ఈ దీవుల్లో రైలెక్కడిది? పుట్టి బుద్ధెరిగి ఎక్కితేనా! అల్లుడు చూస్తే టికెట్ కూడా తీసేశాడు.

మా ఆయన పకపకా నవ్వాడు. "తుపాన్లో పడవెక్కినదానివి, రైలుకి భయమేటే?"

"పడవైతే గాలొస్తే పక్కకి తిప్పుకుంటాం. పట్టాల మీద ఎటు తప్పుకుంటాం, చెప్పు!"

ఆదివారం మా ప్రోతరాపూర్‌లో బస్సెక్కి సముద్రం ఒడ్డు పార్కుకి పోయాం. అక్కడ పాతకాలం బొగ్గింజను ఆకారంలో ఒక చిన్న రైలు, టూరిస్టుల పిల్లల్ని ఎక్కించుకుని ఒడ్డు వెంట తిరుగుతుంది. ముందు దాని మీద అలవాటు చేసుకోవాలని పంతం పట్టాను.

"దీదీ, ఇది బచ్చాల కోసం" అన్నాడు నడిపే అతను.

"భయ్యా, నా బచ్చా బచ్చాని కంటోంది. ఎక్కించుకోకపోతే ఇక్కడే కూర్చుంటాను."

లైన్లో తల్లులందరూ నవ్వారు. మా ఆయన నన్నెరగనట్టు కొబ్బరిబొండాల బండి వైపు పోయాడు. పిరికి మనిషి!

మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. కదిలింది. మలుపులో పెట్టె సముద్రం వైపు ఒరిగేసరికి "ఒలమ్మో!" అని అరిచి ముందు కూర్చున్న పిల్ల జడ పట్టేసుకున్నాను. "ఆంటీ, ఛోడో!" అని, వదలమని దాని గోల. దిగాక నా మీద నాకే ఒళ్లు మండింది. దిగితేగాని లోతు తెలీదని ఊరందరికీ చెబుతాను, నేను మాత్రం ఒడ్డునే కూర్చుంటానా? మళ్లీ ఎక్కాను. ఆ తర్వాత ఇంకోసారి. చివరికి కళ్లు తెరుచుకుని కూర్చోగలిగాను. భయం పోయిందా అంటే, పోలేదు.

బస్సు కోసం నిలబడి ఉంటే అమ్మాయి ఫోను చేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఒక్క మాటే అంది.

"అమ్మా, నాకు భయమేస్తోందే."

భయమేటి, ఏం కాదు అనబోయి ఆగాను.

"నాకూ భయంగానే ఉందమ్మా. వచ్చేస్తన్నాను" అన్నాను.