తగ్గిందనుకున్న బాధ

మా మేడం పోయారని గురువారం పొద్దున నెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీలో నాకు స్టాటిస్టిక్స్ చెప్పి, తర్వాత తన సర్వే పనిలో చేర్చుకున్న మనిషి. టీలో చక్కెర వద్దంటూనే నా వంతు బిస్కెట్లు కూడా తినేసేవారు. ఆ రోజంతా నాకు ఆమె నవ్వు గుర్తు రాలేదు. సిగ్గుతో వంగిన తలే గుర్తొచ్చింది.

వాకాడు వైపు సముద్రపు ఒడ్డున ఒక పాలెం. చేపల వేటకెళ్లిన భర్తలు తిరిగిరాని ఆడవాళ్లను ఏటేటా అవే ప్రశ్నలు అడిగేవాళ్లం: నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఏడుపొస్తోందా? కొన్నేళ్లకు జవాబుల మొత్తం లెక్క మెరుగైంది. మేడం పాలెంలోనే మీటింగు పెట్టి, "మీ బాధ తగ్గిందమ్మా" అని చప్పట్లు కొట్టారు. ఆ ఆడవాళ్లతో మాట్లాడి ఓదార్చడానికి వారం వారం వచ్చే నర్సమ్మను, మా రిపోర్టు చూసి సర్వే చేయించే సంస్థ మానిపించింది.

మరుసటి ఏడు లెక్కలు చూస్తూ మేడం ఆగిపోయారు.

"బాధ నిజంగా తగ్గుంటే జవాబులన్నీ కలిసి కదలాల గదా? నిద్ర, తిండి అట్నే ఉండాయి. ఏడుపొకటే తగ్గిందేంది?"

ఆ ఒక్క ప్రశ్ననూ స్టాటిస్టిక్స్ మోడల్‌లో విడిగా పరీక్షించాం. మిగతా జవాబుల్లో మునుపటంత బాధే ఉన్న మనిషి కూడా, ఫలానా ఏడాది మొదలుకుని "ఏడవడం లేదు" అంటోంది. మేము ఇళ్లకు వెళ్లి అడగడం మొదలుపెట్టిన ఏడాది అది. అంతకుముందు చేపలు ఎండబెట్టే చోట అడిగేవాళ్లం. ఎండలో వాళ్లను నిలబెట్టడం ఎందుకని మార్చింది మేడమే.

మర్నాడు చేపలు ఎండబెట్టే చోటికే వెళ్లి అడిగాం. ఒకామె తల దించుకుని చెప్పింది.

"అత్తామామ ఎదురుగా కూర్చోనుంటే, ఏడస్తా ఉండానని యెట్ట చెప్పేది మేడం? తిండి పెట్టడంలేదా, ఇంకా ఏడుపెందుకంటారు."

"మీటింగులో అయినా నాతో చెప్పకపోతివే?"

"మీరు అంత సంతోషంగా చప్పట్లు కొడతా ఉంటిరి."

మేడం ఇసుకలోనే కూలబడ్డారు. "తప్పు నాది తల్లీ. మీరు చెప్పలేని చోట అడిగి, బాధ లేదని ఊరంతా చాటినాను" అన్నారు. ఆమె పక్కన నిలబడ్డ నాకూ ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

తన రిపోర్టు తప్పని మేడమే సంస్థకు రాశారు. నర్సమ్మ మళ్లీ వచ్చింది. అయినా మేడంకు ఊరట కలగలేదు. "లెక్క దిద్దినాం. ఈ ఏడాదంతా వాళ్లు ఎవురితో చెప్పుకొనుంటారు?" అనేవారు.

తప్పు నాదని చెప్పిన ఆరోజు, పాలెం నుంచి తిరిగొస్తూ ఉప్పుమడుల దగ్గర కారు ఆపమన్నారు. దిగి, మాకు వీపు పెట్టి తల వంచుకుని నిలబడ్డారు. మా ఎదురుగా ఏడవలేరనిపించి నేను కారు దగ్గరే ఆగాను. కొంగు గాలికి లేచి ముఖం మీద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.