మునిచంద్ర తలగుడ్డ

ఐరాలలో మునిచంద్రను పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పుట్టుకతోనే ఒళ్లు తెలుపు, జుట్టు తెలుపు, ఎండలో కళ్లు చికిలించకుండా నిలబడలేడు. ఊరు అతన్ని 'దొరా' అంది. దొరా అంటూనే మామిడితోటల్లో కూలికి పిలిచింది. ఊరి తెలివి మీద అతనికున్న కాస్త గౌరవమూ ఆ పిలుపుతోనే పోయింది.

తోటలో అతనికి దిగుల్లేదు. నిండు చేతుల చొక్కా, చెవుల మీదుగా మెడదాకా చుట్టిన తలగుడ్డ. చిక్కంతా తోట యజమాని యోగానంద వాకిట్లోనే. శనివారం మధ్యాహ్నం ఆయన వసారాలో ఫ్యాను కింద కూర్చుని వారం కూలి పంచుతుంటే, కూలివాళ్లు తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకుని ఎండలో నిలబడాలి. ఆయన తాత పెట్టిన మర్యాద. తాత పోయాడు, ఎద్దుల బండి పోయి కారొచ్చింది, ఆ మర్యాద మాత్రం చావలేదు.

ఏళ్ల తరబడి మునిచంద్ర తీశాడు. చివరికి చెవి పైఅంచున పుండు లేచింది. పక్కు కట్టడం, రక్తం కారడం, మళ్లీ పక్కు.

"ఎండదెబ్బలే" అన్నాడు.

"యాడాదిగా మానని ఎండదెబ్బ యాడన్నా ఉండాదా?" పసుపు అద్దుతున్న అమల ఆ గిన్నె పక్కన పడేసి, మొగుణ్ణి తిరుపతి బస్సెక్కించింది.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే. "నీ చర్మంలో రంగు లేదు. ఎండను అడ్డుకునేది ఆ రంగే. ఇది ఇంకా పాకలేదు, అంచు వరకు కోస్తే సరిపోతుంది. ఇకమీదట నీకూ ఎండకూ మధ్య గుడ్డ ఉండాలి. గుడ్డ కప్పనిచోట క్రీము. మానని పుండు మళ్లీ కనిపిస్తే పసుపు పెట్టుకుని కూర్చోవద్దు."

గాయం మానాక వచ్చిన శనివారం, వాకిట్లో ఒక్క తలమీదే గుడ్డ ఉంది.

"ఏంరా దొరా, తిరుపతిలో పట్టం కట్టినారా? దించవేం?" యోగానంద నవ్వాడు. కొందరు కూలివాళ్లూ నవ్వారు.

"మీ మర్యాద నా చెవిలో ఉన్నింది అయ్యా. డాక్టరమ్మ కోసి పారేసింది."

"తలగుడ్డతో నిలబడేవానికి నా తోటలో పని లేదు."

కోతల కాలం. ఈ పని పోతే చూపించుకోవడానికి తిరుపతి పోయే దారే లేదు. మునిచంద్ర ఒకసారి ఫ్యానును, ఒకసారి ఆయన్ను చూశాడు. పురుగుపట్టిన కాయను చూసే చూపు. మెట్లెక్కి, ఆయన కుర్చీ పక్కనున్న బల్లమీద కూర్చుని, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తీసినా అయ్యా. నీడలో తీస్తే నాకేం కాదు. ఇంక వారంవారం ఈడనే కూర్చుంటా."

యోగానంద కుర్చీ సర్రున జరిగింది. వాకిట్లోంచి ముసలి పెంచలయ్య గొంతు వినయంగా లేచింది: "మేమూ పైకొచ్చే తీయాల్నా అయ్యా?"

"దిగరా! దిగి కట్టుకో!"

మునిచంద్ర దిగి కట్టుకోలేదు. అక్కడే, ఫ్యాను గాలికి, చెవి మీదుగా, మెడ చుట్టూ తీరుబడిగా చుట్టి, కొస దోపి, అప్పుడు దిగాడు.

కింద పెంచలయ్య అప్పటికే తన గుడ్డ చుట్టుకుంటున్నాడు.