నా ‘మంచి’ని లెక్కపెట్టినావిడ

వాదనలో నా నోరు మూయించిన ఒకే ఒక్క మనిషి పేరు నాకు తెలియదు. షామ్‌బర్గ్ నుంచి షికాగో వెళ్ళే రైల్లో నా పక్క సీటావిడ, డెబ్బయ్యేళ్ళ తెల్లామె. మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మానేసి గ్రీకు తత్వశాస్త్రం చదువుతానంది. ఫోన్లో దాన్ని దులిపేసి, మిగిలిన కోపం ఆవిడ ముందు ఇంగ్లీషులో వెళ్ళగక్కాను. తీరా ఆవిడ జీవితమంతా కాలేజీలో చెప్పింది ఆ గ్రీకుల పాఠాలేనట!

అయినా తగ్గలేదు నేను. “అన్నం పెట్టని చదువండీ అది. మా అమ్మాయి మంచికే చెప్తున్నాను.”

“మంచి అంటే?”

“మంచి ఉద్యోగం, మంచి ఇల్లు, మంచి మొగుడు.”

ఆవిడ మూడు వేళ్ళు ముడిచింది. “జవాబులోనే మూడుసార్లు మంచి అన్నారు. అదేమిటో ఇంకా చెప్పలేదు. ఆ గ్రీకులూ సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నారు.”

వెటకారం కాదు. నిజంగానే నా జవాబు కోసం ఎదురుచూసింది. ఈలోగా ఆవిడ స్టేషన్ వచ్చేసింది.

అమ్మాయికి మెసేజ్ పెట్టాను: “మంచి అంటే ఏంటే?”

వెంటనే ఫోన్ చేసింది. “అమ్మా, ఆర్ యూ ఓకే?”

“ఓకేనే. నువ్వు చెప్పు, వింటాను.”

దానితో నేను ‘వింటాను’ అనడం అదే మొదలు.