బావ నిలబెట్టిన రాళ్లు

మా బావ పోయాడన్న కబురు నాకు తెచ్చింది, ఆయనతో ఏళ్ల తరబడి మాట మానేసిన మనిషి. ఇద్దరూ ఒకప్పుడు ఒకే షావుకారు దగ్గర లారీలు నడిపారు, ఒకే కంచంలో తిన్నారు. గురజాలలో మా మిషన్ బడి ముందు లారీ ఆపి, దిగకుండానే, "అమ్మాయ్, మీ బావ పోయాడు. పొద్దున్నే గుండె పట్టేసిందంట. ఎక్కు, నడికుడి తీసుకుపోతా," అన్నాడు. చేతిలో సుద్దముక్కతోనే ఎక్కాను. ఊరు కనబడుతుండగా, "రాయి ఎక్కించటం నాకు నేర్పింది వాడే," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క మనిషి బతికుండగా వచ్చి చెబితే నీ సొమ్మేం పోయింది అని అడగాలనిపించింది. చేతిలో సుద్దముక్కను పొడిపొడిగా నలిపేశాను.

బావ గొప్పవాడేం కాదు. మా అక్క మొగుడు, నాపరాళ్లు తోలే డ్రైవరు. మా అమ్మానాన్నలు పోయాక నన్ను ట్రైనింగు చదివించి పంతులమ్మను చేసింది ఆయన సంపాదనే. పక్క తలుపులు ఊడదీసిన లారీ మీద క్వారీ రాయి వేసుకుని గుంటూరు, తెనాలి, బెజవాడ తిరిగేవాడు. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు విడిచి, అరికాలితో నేలను ఒకసారి రుద్దేవాడు. "మన రాయే. నేను తోలిందే," అనేవాడు. "నువ్వు తోలకపోతే గుంటూరు వాళ్లు బురదలో పడుకునేవాళ్లా బావా?" అని నేను ఏడిపిస్తే, "అవునే పిల్లా, నీ మొగుడు కూడా బురదలోనే పడుకుంటాడు, రానీ," అనేవాడు. ఆ మొగుడు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

డ్రైవరుకి నెల జీతం ఎంతొస్తుందో డ్రైవరు ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇల్లు గడిచేది జీతంతో కాదు, దారి తిండికని ఇచ్చే ట్రిప్పు బత్తాతో. దూరం పోయినకొద్దీ బత్తా. తిరుగు లోడు దొరికితే ఇంకొంచెం. బావ దారిలో ఒక పూట తిని, రెండో పూట టీ తాగి, మిగిలింది తెచ్చి అక్క చేతిలో పోసేవాడు. నా పుస్తకాలూ చీరలూ అన్నీ ఆయన తినని కూటిలోంచి వచ్చినవే. "ఎందుకురా ఆ కడుపు మాడ్చుకోవటం?" అని, నాకు కబురు తెచ్చిన ఆ స్నేహితుడే అప్పట్లో తిడితే, "కడుపు నిండితే స్టీరింగు మీద నిద్రొచ్చిద్దిరా," అనేవాడట.

ఇట్లా ఉండగా షావుకారు రాయిని రైలుకి వేయటం మొదలుపెట్టాడు. స్టేషన్లో సరుకు ఎక్కించే గట్టు పొడిగించారు, వ్యాగన్లు దొరుకుతున్నాయి, లారీ కంటే చౌక. ఆయన వ్యాపారం ఆయనది, తప్పేముంది? కానీ లారీలకు మిగిలింది క్వారీ నుంచి స్టేషన్ దాకా పోయే దారి ఒక్కటే. ఊళ్లో తిరిగే బండికి బత్తా ఎవరిస్తారు? పని పెరిగింది, సంపాదన సగానికి పడిపోయింది. మొగుడు రోజూ సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాడని సంతోషించాల్సిన మా అక్క, పక్కింటి వాళ్లతో కలిసి మిరపకోతలకు పోవటం మొదలుపెట్టింది. ఒళ్లంతా మంటలతో వచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. బావ ఆ చేతుల వైపు చూసేవాడు కాదు.

అయితే వ్యాగన్లో రాళ్లు పగిలిపోయేవి. హమాలీలు పలకలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చేవాళ్లు. గూడ్సు బండి కుదుపుకి అడుగు రాళ్లు పుటుక్కున విరిగేవి. గుంటూరు నుంచి పగుళ్ల కబురు వచ్చినప్పుడల్లా మా డ్రైవర్లకు పండగే. మా అక్క అయితే రాత్రి ప్రార్థనలో, "ప్రభువా, ఆ వ్యాగన్లో రాళ్లన్నీ ముక్కలు చెయ్యి తండ్రీ," అని పైకే అనేసింది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. బావ కళ్లు తెరిచి, "ఏమే, దేవుడికి నువ్వు పురమాయించే పని ఇదా?" అన్నాడు. కానీ ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నది ఆయనే.

ఆ ప్రార్థన ఫలించేదాకా వచ్చింది. ఇంకొక్క లోడు ఇట్లాగే పగిలితే మళ్లీ లారీలనే గుంటూరు పంపుతానని షావుకారు తెగేసి చెప్పాడు. ఆ ఆదివారం మా ఇంట్లో కోడిని కోశాం. స్నేహితుడు వచ్చి, కోడికాలు కొరుకుతూ, "వారం ఓపిక పట్టరా, మన రోడ్డు మనకొచ్చిద్ది," అన్నాడు.

వారం తిరగలేదు. పడుకోబెడితే పగులుతున్నాయని హమాలీలు ఈసారి రాళ్లను వ్యాగన్ గోడకి ఊరికే చేరేశారు. ఇంజను వచ్చి తగిలిన కుదుపుకి అవి దబ్బున పడ్డాయి. లోపలున్న హమాలీ కాలు నుజ్జయింది. అతను మా చర్చి మనిషే, కొత్తగా పెళ్లయినవాడు. బావ ఆసుపత్రికి పోయి చూసి వచ్చాడు. అన్నం వద్దన్నాడు. తెల్లారి మోకులు, చెక్కముక్కలు, వరిగడ్డి మోపు భుజానికెత్తుకుని స్టేషనుకు బయలుదేరాడు.

అక్క గుమ్మంలో అడ్డం నిలబడింది. "నువ్వు పోయి నేర్పితే వాళ్లకిక రాయి పగలదు. మన పొయ్యిలో పిల్లి లేవదు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే పోతన్నావా?"

"రాయి పగలాలంటే నేనూ నీతో పాటు ఆమేన్ అన్నా. ఇప్పుడు పగిలింది మనిషి కాలు. పక్కకి జరుగు."

"కాలు పోయినోడికి పెళ్లాముంటే, నేనెవర్నయ్యా నీకు?" అంది అక్క. ఆయన తలొంచుకుని, ఆమె పక్కనుంచి దూరి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా హమాలీలతో పాటు వ్యాగన్లో ఉన్నాడు. అడుగున గడ్డి పరిచి, లారీలో పేర్చినట్టే పలకలను అంచు మీద నిలబెట్టి, రాతికీ రాతికీ మధ్య గడ్డి కూరి, చివర చెక్కలు బిగించి, మోకుతో కట్టటం చూపించాడు. "నిలబడ్డ రాయి బతుకుద్ది. పడుకున్న రాయి చచ్చిద్ది. చేరగిలబడ్డ రాయి మనిషిని చంపుద్ది," అని చెప్పాడట. హమాలీలు ఇప్పటికీ ఆ మాట అనుకుంటూనే రాళ్లెక్కిస్తారు.

ఆ లోడు గుంటూరులో చెక్కుచెదరకుండా దిగింది. లారీలు మళ్లీ రోడ్డెక్కలేదు. కొన్నాళ్లకి షావుకారు రెండు లారీలు అమ్మేశాడు. పని పోయినవాళ్లలో స్నేహితుడు ఒకడు. మా వాకిట్లో నిలబడి, "ఇంటోడివై ఉండి మా నోట్లో మట్టికొట్టావు గదరా," అని, సాగరం డ్యాము పనుల్లో ఇసుక తోలటానికి వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. షావుకారు మాత్రం మెచ్చుకుని, రాళ్లెక్కించే పనికి మేస్త్రీగా ఉండమన్నాడు, జీతం ఎక్కువిస్తానన్నాడు. బావ వద్దన్నాడు. "ఆ కూడు తింటే, దానికోసమే చేశాననుకుంటారు," అన్నాడు. అనుకోనీ! అనుకునేవాళ్లు వచ్చి మా అక్క చేతులకు మజ్జిగ రాస్తారా? ఆ సంగతి తలుచుకుంటే పోయిన మనిషి మీద ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఆయన చేసింది మంచిపనే. దాని ఖరీదు కట్టింది మా అక్క.

ఆ తర్వాత కూడా ఎవరింటికి వెళ్లినా బావ అరికాలితో నేల రుద్దేవాడు. "మన రాయే," అని ఆగిపోయేవాడు. నేనూ ఏడిపించటం మానేశాను.

శవపేటికను హమాలీలు మోశారు. డ్రైవర్లు కొందరు వచ్చి సమాధుల దొడ్డి బయట నిలబడ్డారు.

పోయిన వేసవి సెలవుల్లో నేను దాచేపల్లిలో బస్సు దిగితే, బావ తన లారీలో ఎక్కించుకున్నాడు. రాయి దింపేసి వస్తున్న ఖాళీ లారీ. రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి గుంటూరు వైపు పోతోంది. వ్యాగన్ గోడల పైన నాపరాళ్ల అంచులు వరసగా కనబడుతున్నాయి. బావ తల బయటపెట్టి ఒక్కో వ్యాగన్నూ కళ్లతో తడిమాడు.

"ఒక్కటి కూడా వాల్లేదు, చూడు పిల్లా," అన్నాడు. ఆ గొంతులో ఎంత గర్వమో! ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. "గుంటూరు పోతన్నయ్యి," అన్నాడు మెల్లగా. గేటు లేచింది. వెనక ఎడ్లబండి వాడు, "ఏందయ్యా, తియ్యి బండి!" అని కేకలేస్తున్నాడు. బావ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, రైలు పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు.