తెర మీద కనబడని పైకప్పు

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనబడితే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించే రోజులవి. పంజాగుట్టలోని మా ప్రభుత్వ ఆఫీసుకూ ఆ గాలి సోకింది. మీటింగు గదిలో పెద్ద తెర, కెమెరా పెట్టారు. ఇక మాలాంటి ఇంజనీర్లెవరూ జిల్లాలకు క్యాంపు వెళ్లక్కర్లేదని, హాస్టల్ భవనాల సంగతి ఇక్కడినుంచే కనుక్కోవచ్చని మా పైఅధికారి ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఇల్లలకగానే పండగవుతుందా?

మొదటి వీడియో మీటింగులోనే ఒక బాలికల హాస్టల్ వార్డెన్‌ను పైకప్పు గురించి అడిగారు. కిందటి వానాకాలం నేను వెళ్లి చూసిన హాస్టలే అది, అప్పటికే పెచ్చులూడుతోంది. ఆమె ఒకసారి పక్కకు చూసి, "అంతా మంచిగనే ఉన్నది సార్" అంది. పక్కన జిల్లా అధికారి కూర్చుని ఉన్నారు. కెమెరా ఉన్నది ఆయన ఆఫీసులో, హాస్టలున్నది ఎక్కడో ఊరవతల. మరమ్మతుల జాబితాలోంచి దాన్ని కొట్టేశారు.

"నేను వెళ్లి చూసొస్తాను సార్" అన్నాను.

"ఏంటమ్మా, ఇప్పుడే విన్నారుగా? చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం మీరు. టూరు ఇవ్వను."

ఇవ్వకపోతే మానె. సెలవు పెట్టి బస్సెక్కాను.

క్యాంపులో అసలు మాట మీటింగులో ఎప్పుడూ బయటికి రాదు. అంతా అయ్యాక, మనల్ని జీపు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మెల్లగా చెబుతారు. ఈసారి జీపు లేదు. వార్డెన్ బస్టాపు దాకా వచ్చింది.

"సారు పక్కకే కూసుండె మేడమ్. గాయన ముందట ఎట్ల చెప్తా?"

చెప్పకపోయినా నేను చూసేశాను. గదుల్లో స్లాబు కడ్డీలు బయటపడి వేలాడుతున్నాయి. పిల్లలు పక్కలు వరండాలో వేసుకుంటున్నారు. బస్సు వచ్చినా నేను ఎక్కలేదు.

మర్నాడు మళ్లీ వీడియో మీటింగు. వార్డెన్‌తో కలిసి జిల్లా ఆఫీసుకు వెళ్లి, జిల్లా అధికారి రాకముందే ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను.

తెర మీద మా పైఅధికారి కళ్లజోడు సర్దుకున్నారు. "మీరక్కడేం చేస్తున్నారు?"

"చెప్పండమ్మా" అన్నాను వార్డెన్‌తో.

"ఆడపిల్లలు వరండల పండుతున్నరు సార్. స్లాబు ఎప్పుడు కూల్తదో ఏమో."

మా పైఅధికారి ఆమెను వదిలేసి నా మీద పడ్డారు. "మీకు మెమో ఇస్తాను."

"ఇక్కడికే పంపించండి సార్. పిల్లల్ని హాస్టల్ పక్కనున్న బడి గదుల్లోకి మార్చేదాకా నేను రాను."