విశ్రాంతమ్మ తూచిన చెత్త

విశ్రాంతమ్మ మా పంచాయతీలో చెత్త వేరు చేసే పనిలో చేరి పంతొమ్మిదేళ్లయింది. భద్రాచలం రోడ్డు పక్కన, వాగు ఒడ్డున ఉన్న డంపింగ్ యార్డే ఆమె ఆఫీసు. ఆఫీసుకు వచ్చినట్టే వస్తుంది. తలకు నూనె రాసి దువ్వుకుని, ఉతికిన చీర మీద మగవాళ్ల పాత చొక్కా ఒకటి తొడుక్కుని. నేను అదే పంచాయతీలో జూనియర్ అసిస్టెంటును. హాజరు తీసుకోవడానికి వెళ్తే ముందు నా కాళ్ల వంక చూస్తుంది. "బూట్లు తొడుక్కోని రావాలె బిడ్డా, కింద గాజుపెంకులున్నయ్" అని కోప్పడుతుంది.

నిరుడు మా ఊరికి చెత్త కాల్చే ప్లాంటు పెడతామని ప్రతిపాదన వచ్చింది. యార్డు పక్క స్థలంలోనే. అందరికంటే సంతోషించింది విశ్రాంతమ్మే. అంతకుముందు ఏడాది ఎవరో పారేసిన ఇంజెక్షన్ సూది ఆమె బొటనవేలికి గుచ్చుకుంది. ఆరు నెలలు దవాఖానాకు తిరిగి రక్తపరీక్షలు చేయించుకుంది. ఏ జబ్బూ రాలేదు గానీ, ఆ ఆరు నెలలూ మనవరాలికి తన చేత్తో అన్నం కలిపి పెట్టలేదు. పైగా పెద్ద వాన పడితే సగం కుప్ప వాగులో పడి గోదావరికి పోవడం ఏటా కళ్లారా చూస్తున్నదే.

ఆమెతో పనిచేసే సక్రి బాధ వేరు. సక్రి వాళ్ల తండా యార్డుకు కూతవేటు దూరం. పొగ వస్తే కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదికి, ఉయ్యాలలో పిల్లల మీదికి.

"నీకు సూది గుచ్చుకున్నదని మా పిల్లలు పొగ పీల్చాల్నా అక్కా?" అంది ఒకరోజు అన్నం తింటూ.

"పొగ రాదంటున్నరు గదనే. పెద్ద గొట్టం పెడతరంట."

"మరి గొట్టంల నుంచి వచ్చేదేంది?"

విశ్రాంతమ్మ చెయ్యి కడుక్కుని లేచిపోయింది. పదకొండేళ్లుగా ఒకే గిన్నెలో కూర పంచుకున్నవాళ్లు మర్నాటి నుంచి ఎడమొహం పెడమొహంగా తిన్నారు.

కాల్చాల్సిన చెత్త ఎంతుందో లెక్కతో చూపించి సక్రి నోరు మూయించాలనే విశ్రాంతమ్మ ఆ పని మొదలుపెట్టింది. పాత సామాన్ల దుకాణంలో కాటా అడిగి తెచ్చింది. ట్రాక్టర్‌లో వచ్చిన చెత్త నుంచి వంద కిలోలు పక్కకు తీసి, రకాలుగా విడదీసి తూచింది. అలా వారం రోజులు. తనకు రాయడం రాదు కాబట్టి నన్ను రాయమంది.

లెక్క ఆమె అనుకున్నట్టు రాలేదు. వందలో అరవై కిలోలు విస్తరాకులు, పాచిపోయిన అన్నం, కూరగాయల తొక్కలు. పాత సామాన్లకు పోయేవి ఇరవై. మట్టీ రాళ్లూ ఓ పది. డైపర్లు, ప్యాడ్లు, జిడ్డు గుడ్డలు, కాల్చక తప్పనివన్నీ కలిపి పది కిలోలకు మించలేదు.

విశ్రాంతమ్మ కుప్పలోంచి ఓ తడి విస్తరాకు పైకి తీసింది. "పచ్చాకు పొయ్యిల పెడితే అంటుకుంటదా? దీనికెంత డీజిల్ పొయ్యాలె" అంది.

ప్లాంటు గురించి పెట్టిన గ్రామసభ రోజున ఇంజనీరు ప్రమీలారాణి మేడమ్ కుప్ప తగ్గుతుందనీ, వాగు బాగుపడుతుందనీ చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. తండావాళ్లు వద్దని పట్టుబట్టారు. అప్పుడు విశ్రాంతమ్మ లేచింది.

"మేడమ్, సూది గుచ్చుకున్నదాన్ని నేనే. మిషను గావాలని నేనే అందరికీ చెప్పిన. కానీ తూచి చూస్తే సగానికెక్కువ తడే. అది ఎరువు జేద్దాం. కాల్చేది కొంచెమే. దానికి చిన్న మిషను చాలు, అది గూడ తండాకు దూరంగ."

"ఊళ్లో అన్నీ కలిపే ఇస్తారు కదమ్మా. వేరు చేసేదెవరు?" అన్నారు మేడమ్.

"ఇంటింటికి పోయి చెప్త. సగం మందన్న మాట ఇంటరు. మిగిలినోళ్లది మేం జేస్తం. మంచి గ్లౌజులియ్యుండ్రి."

వెనక వరసలో సక్రి కొంగుతో మొహం తుడుచుకోవడం నేను చూశాను.

మేడమ్ నాలుగు రోజులు యార్డుకు వచ్చి తన ముందే తూపించుకున్నారు. పెద్ద ప్లాంటు ఆగిపోయింది. ఎరువు షెడ్డు లేచింది. చిన్న మిషను మాత్రం మంజూరై ఏడు నెలలైనా రాలేదు. డైపర్లు అలాగే పేరుకుంటున్నాయి. ఇంటింటికీ తిరిగి చెప్పాక సూదులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

మొన్న వెళ్లేసరికి యార్డు చివర ఒక గుంజకు సక్రి పాత చీరపేలిక కట్టి ఉంది. ఏ నెలలో గాలి ఎటు వీస్తుందో చూస్తున్నారట, మిషను పెట్టే చోటు కోసం.

"మళ్ల తండా దిక్కే పోతున్నది అక్కా" అంది సక్రి.

"గట్లయితే ఈడ వద్దు. గుంజ పీకు, వాగవతల పాతుదాం" అని విశ్రాంతమ్మ గడ్డపార అందుకుంది.